కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టగానే పాత డిస్కు కనిపించకుండా పోయింది: సొంతంగా కూర్చిన కంప్యూటర్‌లో అమరిక గురించి సందేహాలు

సొంతకూర్పు · శనివారం, రాత్రి 9:12

సభ్యులందరికీ నమస్కారం. విడిభాగాలు తెచ్చుకుని నా చేతులతో నేనే కంప్యూటర్ కూర్చుకోవడం ఇదే మొదటిసారి కాబట్టి ప్రశ్న కాస్త పొడవైతే మన్నించండి. పాత కంప్యూటర్‌లోని రెండు హార్డ్ డిస్కులను తీసి ఇందులో బిగించాను. ఒకటి 2 టీబీ. పాత విండోస్‌తో పాటు పదేళ్ల ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. రెండోది 500 జీబీ. అందులో పాటలు, పాత ఫైళ్లు తప్ప ముఖ్యమైనవేవీ లేవు. ఇవి రెండూ బాగా పనిచేస్తున్నాయని చూసుకున్నాకే, నిన్న 1 టీబీ ఎం.2 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీని (తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌లలోనే సమాచారం దాచే డిస్కు) అమర్చాను. మదర్‌బోర్డు మీద రెండు ఎం.2 స్లాట్లు ఉన్నాయి. పైది గ్రాఫిక్స్ కార్డు కింద పడిపోయింది. కార్డు తీయడానికి బద్ధకించి, చేతికి అందుతున్న కింది స్లాటులోనే పెట్టేశాను.

ఇప్పుడు రెండు వింతలు కనిపిస్తున్నాయి. బయాస్‌లో (కంప్యూటర్ మొదలవగానే తెరవగలిగే అమరికల తెర) సాటా పరికరాల పేజీ, అంటే సాటా కేబుల్‌తో తగిలించే డిస్కుల జాబితా, తెరిస్తే ఎస్‌ఎస్‌డీ పేరు అసలే లేదు. అది చాలదన్నట్టు, నిన్నటిదాకా ఉన్న 500 జీబీ డిస్కు కూడా జాబితాలోంచి పోయింది. దాని కేబుల్ మార్చి చూశాను, ఫలితం లేదు. ఎస్‌ఎస్‌డీని ఊడదీస్తే మాత్రం ఆ డిస్కు మళ్లీ ప్రత్యక్షమవుతోంది. వీటిలో ఏది పాడైనట్టు? ఎస్‌ఎస్‌డీని వెనక్కి ఇచ్చేయమంటారా?

అర్ధరాత్రిఅసెంబ్లీ · శనివారం, రాత్రి 9:30

వెనక్కి ఇచ్చే తొందర వద్దు. ఆ 500 జీబీ డిస్కు కేబుల్ బోర్డు మీద ఎన్నో నంబరు సాటా పోర్టులో ఉందో చూసి చెప్పండి. ఈలోగా బోర్డుతో వచ్చిన పుస్తకంలో నిల్వ పరికరాల గురించి ఒక చిన్న పట్టిక ఉంటుంది, దాన్ని కూడా తెరిచి పెట్టుకోండి.

సొంతకూర్పు · శనివారం, రాత్రి 9:48

5వ నంబరు. పుస్తకంలో ఆ పట్టిక కింద సన్నటి అక్షరాలతో ఒక గమనిక ఉంది. రెండో ఎం.2 స్లాటులో పరికరం ఉన్నప్పుడు 5, 6 సాటా పోర్టులు పనిచేయవని రాశారు. ఇంత ముఖ్యమైన మాటను అంత చిన్న అక్షరాల్లో ఎందుకు వేస్తారో నాకు అర్థం కాలేదు.

సీసపుచుక్క · శనివారం, రాత్రి 10:25

అయితే ఏదీ పాడవలేదు. ప్రాసెసర్‌కూ, దాన్ని మిగతా పరికరాలతో కలిపే బోర్డు మీది చిప్‌సెట్‌కూ ఉన్న లేన్లు, అంటే సమాచారం వెళ్లే దారులు, పరిమితం. బోర్డు తయారు చేసేవారు ఉన్న కొద్ది లేన్లనే రెండు చోట్లకు పంచి, ఒక చోట పరికరం పెడితే రెండో చోటికి సరఫరా ఆగిపోయేలా ఏర్పాటు చేస్తారు. ఏ స్లాటు ఏ పోర్టుతో పంచుకుంటుందన్నది బోర్డును బట్టి మారుతుంది కనుక, మరొకరి అనుభవం మీకు పనికిరాదు. మీ బోర్డు పుస్తకమే ప్రమాణం. 500 జీబీ డిస్కు కేబుల్‌ను 1 నుంచి 4 వరకు ఉన్న పోర్టుల్లో ఖాళీగా ఉన్నదానికి మార్చండి, తిరిగి వస్తుంది.

ఇక మొదటి వింత వింతే కాదు. ఎన్‌వీఎంఈ పరికరం సాటా పరికరం కాదు కాబట్టి సాటా పేజీలో దాని పేరు ఉండదు. బయాస్‌లో ఎన్‌వీఎంఈ ఆకృతీకరణ అనో, నిల్వ అనో వేరే పేజీ ఉంటుంది, అక్కడ వెతకండి. ఎం.2 అన్నది పరికరపు ఆకారానికి, అది కూర్చునే స్లాటుకు పేరు మాత్రమే. ఆ ఆకారంలోనే సాటా పద్ధతిలో మాట్లాడే ఎస్‌ఎస్‌డీలూ ఉన్నాయి, పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డు కూడా వాడే వేగవంతమైన పద్ధతి) లేన్ల మీద మాట్లాడే ఎన్‌వీఎంఈవీ ఉన్నాయి. కొన్ని స్లాట్లు రెండింటినీ అంగీకరిస్తాయి, కొన్ని ఒకదాన్నే అంగీకరిస్తాయి. ఆకారం సరిపోయింది కదా అని పని కూడా చేస్తుందనుకోవడమే కొత్తవారిలో ఎక్కువమంది చేసే పొరపాటు.

మీరు బద్ధకించిన ఆ పై స్లాటు సంగతి కూడా చెప్పాలి. చాలా బోర్డుల్లో ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న స్లాటు నేరుగా ప్రాసెసర్ లేన్లకు కలిసి ఉంటుంది. కింది స్లాటు చిప్‌సెట్ మీదుగా వెళుతుంది, కొన్నింటిలో అది ఒక తరం పాతది కూడా. విండోస్ ఎక్కించబోయే ఎస్‌ఎస్‌డీ పై స్లాటులో ఉండటమే మేలు. అక్కడికి మారిస్తే 5, 6 పోర్టుల ఇబ్బంది కూడా తీరిపోవచ్చు.

తీసి పెట్టేటప్పుడు పవర్ సప్లయి స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, కంప్యూటర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని మిగిలిన విద్యుత్తును పోనివ్వండి. క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకితే మీ ఒంట్లోని స్థిర విద్యుత్తు కూడా పోతుంది. గ్రాఫిక్స్ కార్డు స్లాటు చివర ఉన్న గొళ్లెం నొక్కకుండా కార్డును లాగకండి. ఎస్‌ఎస్‌డీ మీద 2280 అని ఉంటే అది 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం; బోర్డు మీద 80 అని రాసి ఉన్న రంధ్రంలో ఇత్తడి ఆధారం బిగించి ఉందో లేదో ముందు చూడండి. ఎస్‌ఎస్‌డీని సుమారు 30 డిగ్రీల వాలుతో, బంగారు రంగు అంచు పూర్తిగా లోపలికి దూరేదాకా నెట్టాలి. చేయి వదిలితే అది స్ప్రింగులా కొంచెం పైకి లేచి నిలబడుతుంది, అది సహజమే. అప్పుడు కిందికి వంచి స్క్రూ బిగించండి. ఆ స్క్రూ ఎంత చిన్నదంటే, బిగుతుగా తిప్పడానికి బలం కాదు, వేలి కొసలు చాలు.

నిదానమేప్రధానం · ఆదివారం, ఉదయం 6:40

సీసపుచుక్క గారి మాటకు రెండు చేర్చాలి. బోర్డుతో పాటు వేడిని లాగేసే లోహపు హీట్‌సింక్ ఇచ్చి ఉంటే, దాని అడుగున అంటుకునే మెత్తటి పట్టీ మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని ఒలిచి తీరాలి. ఒకరింట్లో ఆరు నెలల తర్వాత విప్పి చూస్తే ఆ పొర అలాగే ఉంది. ఎస్‌ఎస్‌డీ మీద అంటించిన తయారీదారు కాగితాన్ని మాత్రం ఒలవకండి, ఒలిస్తే హామీ వర్తించకుండా పోవచ్చు.

రెండోది ఇంకా ముఖ్యం. విండోస్ ఎక్కించే ముందు ఎస్‌ఎస్‌డీ తప్ప మిగతా డిస్కులన్నింటి సాటా కేబుళ్లు పీకేయండి. బయాస్‌లో ఆపేయడం కాదు, కేబుళ్లే తీసేయండి. కారణం తర్వాత తీరిగ్గా చెబుతాను, ఇది మాత్రం మరవకండి.

అర్ధరాత్రిఅసెంబ్లీ · ఆదివారం, ఉదయం 9:05

కొత్తగా ఎక్కించడం దేనికి? పాత డిస్కులోని విండోస్‌ను ఉన్నది ఉన్నట్టు క్లోన్ చేసేస్తే గంటలో పని అయిపోతుంది, ప్రోగ్రాములన్నీ మళ్లీ వేసుకునే శ్రమ తప్పుతుంది. నేను రెండుసార్లు అలాగే చేశాను.

నిదానమేప్రధానం · ఆదివారం, ఉదయం 9:50

అదే మదర్‌బోర్డు మీద డిస్కు మాత్రమే మారుతుంటే నేనూ క్లోనింగే చేయమంటాను. ఇక్కడ బోర్డూ ప్రాసెసరూ అన్నీ మారిపోయాయి. పాత యంత్రపు డ్రైవర్లనూ (విడిభాగాలను నడిపే ప్రోగ్రాములు), పదేళ్లుగా పేరుకున్న చెత్తనూ కొత్త ఇంటికి మోసుకెళ్లడం నాకు నచ్చదు. పైగా క్లోన్ చేశాక ఇద్దరు కవలల్లాంటి రెండు డిస్కులనూ ఒకేసారి తగిలించి ఉంచితే, రెండింటికీ ఒకే గుర్తింపు సంఖ్య ఉండటం వల్ల విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది. అప్పుడు డిస్కు పోయిందని కంగారుపడి ఇక్కడికే వస్తారు.

అర్ధరాత్రిఅసెంబ్లీ · ఆదివారం, ఉదయం 10:02

బోర్డు మారిన సంగతి నేను గమనించలేదు. ఈ సందర్భంలో మీ మాటే సరైనది.

సొంతకూర్పు · ఆదివారం, సాయంత్రం 5:20

అందరికీ కృతజ్ఞతలు. గ్రాఫిక్స్ కార్డు తీసి, ఎస్‌ఎస్‌డీని పై స్లాటుకు మార్చాను. రెండు డిస్కులూ కనిపిస్తున్నాయి, ఎన్‌వీఎంఈ పేజీలో ఎస్‌ఎస్‌డీ పేరు కూడా ఉంది. విండోస్ 11 కొత్తగా ఎక్కించాను, పది సెకన్లలో డెస్క్‌టాప్ వచ్చేస్తోంది. పాత కంప్యూటర్ బటన్ నొక్కి టీ పెట్టుకుని వచ్చే అలవాటు ఇక మానుకోవాలి.

మూడు చిన్న సందేహాలు మిగిలాయి. 1 టీబీ అని కొన్న దానిలో 931 జీబీయే కనిపిస్తోంది, మిగతాది ఏమైంది? పెట్టె మీద సెకనుకు 7,000 ఎంబీ అని ఉంది, పరీక్షిస్తే 6,900 దాకా వచ్చింది. కానీ 2 టీబీ డిస్కులోంచి ఫోటోలు కాపీ చేస్తుంటే 150 దాటడం లేదు. మూడోది, ఎస్‌ఎస్‌డీని డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైలు ముక్కలను పక్కపక్కన సర్దడం) చేయకూడదంటారు, పేజ్ ఫైలును (మెమరీ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడుకునే చోటు) కూడా ఆపేయాలంటారు, నిజమేనా?

లెక్కలమాష్టారు · ఆదివారం, రాత్రి 8:15

మొదటి రెండు ప్రశ్నలూ నా వంతు. మీ డిస్కులో ఒక్క బైటు కూడా పోలేదు. తయారీదారు 1 టీబీ అన్నప్పుడు 1 పక్కన పన్నెండు సున్నాలు వేసిన సంఖ్య అని అర్థం. విండోస్ దాన్ని 1024తో మూడుసార్లు భాగించి, వచ్చిన 931ని జీబీ అని చూపిస్తుంది. అంగుళాల్లో కొని సెంటీమీటర్లలో కొలిచినట్టే.

వేగం సంగతి కొంచెం వివరంగా చూద్దాం. సాటా మూడో తరంలో తీగ మీద సెకనుకు 6 గిగాబిట్లు ప్రయాణిస్తాయి. ప్రతి 8 బిట్ల సమాచారాన్నీ 10 బిట్లుగా మార్చి పంపే పద్ధతి కాబట్టి అసలు సమాచారం గరిష్ఠంగా 600 ఎంబీ, ఆచరణలో సుమారు 550 ఎంబీ. పీసీఐఈ 3.0లో ఒక్కో లేన్‌కు సెకనుకు 8 గిగాబిట్లు. అక్కడ 128 బిట్లకు 2 బిట్లే అదనం కనుక మీ ఎస్‌ఎస్‌డీ వాడే నాలుగు లేన్లకు దాదాపు 3.9 జీబీ వస్తుంది. 4.0లో అది రెట్టింపై 7.9 జీబీకి దగ్గరవుతుంది. మీకు వచ్చిన 6,900 ఈ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. కింది స్లాటు 3.0 తరానిదైతే అక్కడ 3,500 దగ్గరే ఆగిపోయేది.

అయితే పెట్టె మీది అంకె పెద్ద ఫైలు ఒకదాన్ని వరుసగా చదివినప్పటిది. నిత్యం మనకు కనిపించే చురుకుదనం ఎక్కడెక్కడో ఉన్న చిన్న ముక్కలను వెతికి తెచ్చే వేగం వల్ల వస్తుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్కులో ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4.17 మిల్లీసెకన్లు ఆగాలి. తల ఆ పట్టీ మీదికి జరగడానికి మరో 9 మిల్లీసెకన్లు అనుకోండి. మొత్తం 13 మిల్లీసెకన్లకు ఒక ముక్క చొప్పున సెకనుకు 75 ముక్కలు. ముక్కకు 4 కేబీ చొప్పున లెక్కిస్తే 300 కేబీ. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ జరిగేదీ ఏదీ లేదు కాబట్టి అదే పని పదుల ఎంబీల వేగంతో సాగుతుంది. మీరు టీ మానుకోవలసి వచ్చింది ఇందువల్లే. ఈ కారణంగానే హార్డ్ డిస్కు నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనిపించే తేడా, సాటా ఎస్‌ఎస్‌డీ నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు మామూలు పనుల్లో కనిపించదు. పెద్ద వీడియోలతో పనిచేసేవారి సంగతి వేరు.

ఫోటోల కాపీ 150 దగ్గర ఆగడానికి కారణం ఇప్పటికే మీకు తెలిసి ఉంటుంది. బావి ఊట ఎంతో బిందె అంతే వేగంగా నిండుతుంది. చదువుతున్నది హార్డ్ డిస్కు నుంచే కదా.

పెంగ్విన్‌పిట్ట · ఆదివారం, రాత్రి 9:40

డీఫ్రాగ్ ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను. నేను వాడేది లినక్సే అయినా ఎస్‌ఎస్‌డీ లోపల జరిగే పని ఎక్కడైనా ఒకటే.

ఎస్‌ఎస్‌డీలో ఉండే ఫ్లాష్ మెమరీలో రాసే ప్రమాణం వేరు, చెరిపే ప్రమాణం వేరు. రాయడం పేజీల లెక్కన జరుగుతుంది. ఒక పేజీ కొన్ని కిలోబైట్లు ఉంటుంది. చెరపడం మాత్రం వందలాది పేజీలున్న బ్లాకు మొత్తాన్ని ఒకేసారి చెరిపితేనే సాధ్యం. రాసి ఉన్న పేజీ మీద మళ్లీ రాయడం కుదరదు. అందువల్ల మీరు ఒక ఫైలును మార్చినప్పుడు ఎస్‌ఎస్‌డీని నడిపే చిప్, అంటే కంట్రోలర్, కొత్త సమాచారాన్ని మరో ఖాళీ పేజీలో రాసి, పాత పేజీని పనికిరానిదిగా గుర్తు పెట్టుకుంటుంది. తీరిక దొరికినప్పుడు ఒక బ్లాకులో ఇంకా పనికొచ్చే పేజీలను వేరే చోటికి నకలు చేసి, ఆ బ్లాకును చెరిపి ఖాళీ చేస్తుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, మీరు ఫైలును తొలగించినప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ తన పట్టికలో పేరు కొట్టేసి ఊరుకుంటుంది; ఆ సంగతి కంట్రోలర్‌కు తెలియదు. చచ్చిన ఫైలు పేజీలను కూడా బతికున్నవే అనుకుని అటూ ఇటూ మోస్తూనే ఉంటుంది. ట్రిమ్ అనే ఆదేశం పుట్టింది ఇందుకే. ఫలానా చోట్లు ఇక అక్కర్లేదని ఆపరేటింగ్ సిస్టమే కంట్రోలర్‌కు చెబుతుంది. విండోస్‌లో ఇది 2009లో వచ్చిన విండోస్ 7 నుంచి ఉంది. ఇప్పటి విండోస్ తన ఆప్టిమైజ్ డ్రైవ్స్ పనిముట్టులో ఎస్‌ఎస్‌డీని గుర్తుపట్టి, హార్డ్ డిస్కుకు చేసినట్టు ముక్కలు సర్దే బదులు, షెడ్యూలు ప్రకారం ట్రిమ్ పంపుతుంది. కనుక ఆ షెడ్యూలును ఆపకండి. బయటి డీఫ్రాగ్ ప్రోగ్రాములు మాత్రం వాడకండి. తల జరగని చోట ముక్కలను పక్కపక్కన పేర్చినందువల్ల లాభమేమీ లేదు, రాతలు వృథా అవుతాయి. లినక్స్ వాడేవారు వారానికోసారి నడిచే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ టైమర్ అమల్లో ఉందో లేదో చూసుకుంటే చాలు.

ట్రిమ్ పనిచేస్తోందో లేదో కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆజ్ఞలు టైపు చేసే కిటికీ) ఎఫ్‌ఎస్‌యుటిల్ అనే ఆజ్ఞతో చూడవచ్చు. అక్కడ డిజేబుల్ డిలీట్ నోటిఫై అన్నదానికి 0 అని వస్తే ట్రిమ్ ఉన్నట్టు. లేదన్నది లేదు కాబట్టి ఉంది అనే తిరకాసు భాష అది, కంగారుపడకండి.

లెక్కలమాష్టారు · ఆదివారం, రాత్రి 10:10

పేజ్ ఫైలు గురించి కూడా ఒక లెక్క చూడండి. 1 టీబీ టీఎల్‌సీ (ఒక్కో గడిలో మూడు బిట్లు దాచే రకం) ఎస్‌ఎస్‌డీలకు చాలావాటికి 600 టీబీ రాతల దాకా హామీ ఇస్తారు. మీరు రోజుకు 40 జీబీ రాస్తారనుకుంటే, ఏడాదికి 14.6 టీబీ, హామీ అంకె చేరడానికి 41 ఏళ్లు పడుతుంది. పేజ్ ఫైలు ఆపేసి, ఏదో ఒక ప్రోగ్రామ్ మెమరీ చాలక పడిపోయే ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడం అనవసరం. డిస్కును అంచుల దాకా నింపకుండా పదో వంతో, అంతకంటే కొంచెం ఎక్కువో ఖాళీగా ఉంచితే కంట్రోలర్‌కు ఊపిరాడుతుంది.

కొత్తవాకిలి · సోమవారం, ఉదయం 11:30

ఈ చర్చలోనే అడుగుతున్నందుకు క్షమించండి. నాది కొంచెం తేడా. బయాస్‌లో ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ చక్కగా కనిపిస్తోంది, కానీ విండోస్ ఎక్కించేటప్పుడు డ్రైవులేవీ దొరకలేదంటోంది. ఇంటెల్ ప్రాసెసర్.

సీసపుచుక్క · సోమవారం, మధ్యాహ్నం 12:15

బయాస్‌లో వీఎండీ అనే అమరిక ఉందేమో చూడండి. అది అమల్లో ఉంటే ఎస్‌ఎస్‌డీ నేరుగా కాక ఇంటెల్ నిల్వ డ్రైవర్ వెనక నుంచి కనిపిస్తుంది. ఇన్‌స్టాలర్ దగ్గర ఆ డ్రైవర్ లేకపోతే జాబితా ఖాళీగా వస్తుంది. రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడటం) వాడే ఉద్దేశం లేకపోతే వీఎండీని ఆపేయండి, లేదా ఆ డ్రైవర్‌ను పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని ఇన్‌స్టాలర్‌లోని లోడ్ డ్రైవర్ ద్వారా చూపించండి. విండోస్ ఇదివరకే ఎక్కించి ఉంటే మాత్రం ఈ అమరికను ఊరికే మార్చకండి, మారిస్తే కంప్యూటర్ బూట్ కాకుండా, అంటే విండోస్ మొదలవకుండా, నీలి తెర వస్తుంది.

నిర్వాహకులు · సోమవారం, మధ్యాహ్నం 2:00

కొత్తవాకిలి గారి ప్రశ్నకు సమాధానం దొరికింది కాబట్టి దాన్ని ఇక్కడే ఉంచుతున్నాము. ఇకపై వేరే సమస్యలకు దయచేసి వేరే చర్చ ప్రారంభించండి.

సొంతకూర్పు · మరుసటి శనివారం, రాత్రి 11:05

మళ్లీ వచ్చాను, ఈసారి తల వంచుకుని. ఫోటోలన్నీ ఎస్‌ఎస్‌డీలోకి కాపీ అయ్యాయి కదా, 2 టీబీ డిస్కు చప్పుడు చేస్తోంది కదా అని ఇవాళ దాని కేబుల్ తీసేశాను. కంప్యూటర్ నేరుగా బయాస్‌లోకి వెళ్లి కూర్చుంది. బూట్ జాబితా ఖాళీ. ఎస్‌ఎస్‌డీ పేరు ఎన్‌వీఎంఈ పేజీలో ఉంది, కానీ దాని నుంచి బూట్ కావడం లేదు. డిస్కును మళ్లీ తగిలిస్తే మామూలుగా పనిచేస్తోంది.

నిదానమేప్రధానం గారు విండోస్ ఎక్కించే ముందు మిగతా డిస్కులు తీసేయమన్నారు. స్లాటు మార్చిన ఉత్సాహంలో రెండు డిస్కులూ కనిపిస్తున్నాయో లేదో చూసుకోవడానికి కేబుళ్లు పెట్టాను. పెట్టినవి తీయకుండానే ఎక్కించేశాను.

నిదానమేప్రధానం · ఆదివారం, ఉదయం 6:15

తల వంచుకోవలసిన పని లేదు, కారణం తర్వాత చెబుతానని చెప్పకుండా ఊరుకున్నది నేనే. యూఈఎఫ్ఐ (ఇప్పటి బయాస్‌లు వాడే) పద్ధతిలో బూట్ కావడానికి అవసరమైన ఫైళ్లు విండోస్ ఉన్న పార్టిషన్‌లో (డిస్కులో విడదీసిన భాగం) ఉండవు; ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అనే చిన్న విడి భాగంలో ఉంటాయి. మీ 2 టీబీ డిస్కులో పాత విండోస్ ఉంది కనుక అలాంటి భాగం అందులో ముందే ఉంది. ఇన్‌స్టాలర్ దాన్ని చూసి, ఉన్నది ఉండగా కొత్తది ఎందుకనుకుని బూట్ ఫైళ్లను అందులోనే రాసేసింది. విండోస్ ఎస్‌ఎస్‌డీలో ఉంది, దాని తాళంచెవి పాత డిస్కులో ఉంది. కొన్ని లినక్స్ ఇన్‌స్టాలర్లు కూడా ఇలాగే చేస్తాయి.

మళ్లీ ఎక్కించనక్కర్లేదు. డిస్కు తగిలించి విండోస్‌లోకి వెళ్లి, డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని సమాచారానికి వేసే తాళం) అమల్లో ఉందేమో ముందు చూడండి. విండోస్ 11లో మీకు తెలియకుండానే అది మొదలై ఉండవచ్చు. ఉంటే ఆ తాళం తీసే రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ డ్రైవును 300 ఎంబీ కుదించండి.

అప్పుడు కంప్యూటర్ ఆపి, ఈసారి నిజంగానే డిస్కులు రెండూ పీకేసి, విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేయండి. మొదటి తెర రాగానే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. అందులో డిస్క్‌పార్ట్ అనే పనిముట్టులోకి వెళ్లి డిస్కుల జాబితా అడగండి. పెన్ డ్రైవ్ కూడా అందులో కనిపిస్తుంది కాబట్టి 931 జీబీ పరిమాణం చూసి ఎస్‌ఎస్‌డీనే ఎంచుకోండి. ఖాళీ చేసిన చోట 260 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ సృష్టించి, దాన్ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఎస్ అనే అక్షరం కేటాయించండి. అది డిస్కు చివర ఉన్నా నష్టం లేదు. క్లీన్ అనే ఆజ్ఞ జోలికి మాత్రం పోకండి, అది డిస్కులోని పార్టిషన్లన్నింటినీ ఒక్క క్షణంలో కొట్టేస్తుంది.

అలా పెన్ డ్రైవ్‌తో బూట్ అయిన వాతావరణంలో మీ విండోస్‌కు సీ అనే అక్షరమే ఉంటుందన్న నమ్మకం లేదు. వాల్యూముల జాబితా చూసి, ఏ అక్షరంలో విండోస్ ఫోల్డరు ఉందో నిర్ధారించుకున్నాక, బూట్ ఫైళ్లు రాసే బీసీడీబూట్ ఆజ్ఞకు ఆ ఫోల్డరు దారినీ, గమ్యంగా ఎస్ డ్రైవునూ, రకంగా యూఈఎఫ్ఐనీ ఇవ్వండి. బూట్ ఫైళ్లు విజయవంతంగా సృష్టించినట్టు ఒక వాక్యం వస్తుంది. పెన్ డ్రైవ్ తీసి మళ్లీ మొదలుపెట్టండి.

సీసపుచుక్క · ఆదివారం, ఉదయం 8:30

ఆ చప్పుడు చేస్తున్న డిస్కు గురించి ఎవరూ అడగలేదు. ఫోటోలు ఎస్‌ఎస్‌డీలోకి వచ్చాయి కాబట్టి డిస్కు పోయినా ఫరవాలేదనుకుంటున్నట్టున్నారు. పెంగ్విన్‌పిట్ట గారు చెప్పిన ట్రిమ్‌కు రెండో ముఖం ఉంది. హార్డ్ డిస్కులో పొరపాటున తొలగించిన ఫైలును చాలాసార్లు వెనక్కి తెచ్చుకోగలం. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ వెళ్లాక అది దాదాపు అసాధ్యం. కంట్రోలర్ పాడైతే ముందస్తు చప్పుడు కూడా ఉండదు. ఫోటోలకు మరో చోట రెండో నకలు తీసుకున్నాకే ఆ డిస్కును పక్కన పెట్టండి.

కేబుళ్లు పీకి పెట్టే పనిలో ఉన్నారు కాబట్టి ఇంకో మాట. సాటా పవర్ కేబుల్ చాలకపోతే పాత పవర్ సప్లయిది తెచ్చి తగిలించకండి. డిస్కు వైపు కొస అన్నింటికీ ఒకటే అయినా, పవర్ సప్లయి వైపు పిన్నుల వరుస తయారీదారును బట్టి, ఒక్కోసారి మోడలును బట్టి కూడా మారుతుంది. అలా తగిలించి ఒక మంచి డిస్కును క్షణంలో పోగొట్టుకున్నవాణ్ని నేను.

సొంతకూర్పు · ఆదివారం, మధ్యాహ్నం 3:50

పని అయింది. రికవరీ కీ నిజంగానే అవసరపడింది. రాసుకోమనకపోయి ఉంటే అక్కడే ఆగిపోయేవాణ్ని. పెన్ డ్రైవ్ వాతావరణంలో విండోస్ ఫోల్డరు డీ అక్షరం కింద కనిపించింది. బీసీడీబూట్ మొదటిసారి విఫలమైందని చెప్పింది, చూస్తే నేను సీ అనే రాశాను. రెండోసారికి సరిగ్గా జరిగింది. ఇప్పుడు ఎస్‌ఎస్‌డీ ఒక్కటే ఉన్నా బూట్ అవుతోంది, నాలుగుసార్లు ఆపి మొదలుపెట్టి చూశాను.

2 టీబీ డిస్కును తిరిగి తగిలించాను. దానిలోని పాత ఈఎఫ్ఐ భాగాన్ని తొలగించబోతే డిస్క్ మేనేజ్‌మెంట్ ఒప్పుకోవడం లేదు, మెనూలో తొలగింపు అనేదే రావడం లేదు.

నిదానమేప్రధానం · ఆదివారం, సాయంత్రం 4:20

ఆ రకం భాగాన్ని డిస్క్ మేనేజ్‌మెంట్ తొలగించనివ్వదు. డిస్క్‌పార్ట్‌లో ఆ డిస్కునూ, ఆ భాగాన్నీ ఎంచుకుని, తొలగింపు ఆజ్ఞకు ఓవర్‌రైడ్ అన్న మాట చేరిస్తే పోతుంది. అంతకు ముందు బయాస్ బూట్ జాబితాలో విండోస్ బూట్ మేనేజర్ రెండుసార్లు కనిపిస్తుందేమో చూసి, ఎస్‌ఎస్‌డీకి చెందినదాన్ని మొదట పెట్టండి. నిజానికి తొలగించకపోయినా ఇబ్బంది లేదు.

సొంతకూర్పు · ఆదివారం, సాయంత్రం 4:45

రెండున్నాయి, ఎస్‌ఎస్‌డీదాన్ని పైకి జరిపాను. సీసపుచుక్క గారు చెప్పిన రెండో నకలు ఇప్పుడే మొదలుపెట్టాను; బయటి డిస్కుకు కాపీ అవుతోంది, ఇంకా మూడు గంటలు పడుతుందని చూపిస్తోంది. అది పూర్తయ్యేదాకా పాత డిస్కులో దేన్నీ ముట్టుకోను.